గంజి పెట్టిన కోటు

ల్యాబు క్వార్టర్స్,
రెండో అంతస్తు.

గౌరవనీయులైన వదినగారికి,

మొన్న మీరు ఫోన్ చేసినప్పుడు నేను "ఊ", "ఆఁ" తప్ప ఏమీ అనలేదని కోపం తెచ్చుకోలేదు కదా. ఫోన్ చెవికి పెట్టుకుంటే నా మాట గొంతులోనే ఆగిపోతుంది. అవతల మనిషి కాచుకుని ఉన్నారనిపించేసరికి ఉన్న మాట కూడా పారిపోతుంది. పైగా మీ షాపులో ఆవిరి మిషన్ చప్పుడొకటి. అందుకని ఉత్తరం రాస్తున్నాను. ఐదో తరగతితో ఆగిన చదువు, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

ఇల్లు బాగుంది. వంటింటి కిటికీలోంచి మీ తమ్ముడు పనిచేసే భవనం కనిపిస్తుంది. దానికి మాత్రం ఒక్క కిటికీ లేదు. అదేమని అడిగితే, "లోపల చూడ్డానికేం ఉండదు, కంటికి అందేలోపే అంతా అయిపోతుంది" అన్నారు.

ఆయన పనేంటో మీకూ సరిగ్గా తెలియదన్నారు. నాకు చెప్పినంత మటుకు రాస్తాను. ఆయన నురుగు ముక్కలు తయారుచేస్తారు. సబ్బు నురుగు కాదు, గట్టిదే. కాకపోతే దూది కంటే తేలిక. గోరు మీద పెట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. దాన్ని చిన్న చట్రంలో బిగించి, గాలంతా తోడేసిన ఇనప గదిలో పెడతారు. పక్కింటావిడ భర్త లేజర్ చూసుకుంటారు. ఆ లేజర్ వేడికి నురుగులోని అణువులు కూడా చిట్లిపోయి, ముక్కలు దేనికది విడిగా తిరుగుతాయట. ఆ స్థితిని ప్లాస్మా అంటారు. రెప్ప వేయాలనుకునేలోపే అది చెదిరిపోతుంది. ఆ కాస్తలోనే దాని గుండా అయాన్ల కిరణాన్ని పంపిస్తారు. అయాన్లంటే కరెంటు పట్టిన అణువులని చెప్పారు. అవి ఇటు ఎంత జోరుగా దూరాయి, అటు ఎంత అలిసిపోయి బయటపడ్డాయి, ఇదే వాళ్ళు చూసేది.

"ఇదంతా దేనికండీ?" అన్నాను.

"నక్షత్రాల్లో మండే మంటని ఇక్కడ వెలిగించాలంటే, లోపలికి పంపిన కిరణం తన వేడిని ఎక్కడ దింపుతుందో తెలియాలి" అన్నారు.

నాకు సగం అర్థమైంది. అది ఏ సగమో తెలియడం లేదు.

ఇంకో సంగతి. ఆయన తెల్ల కోటు జేబు చిరిగింది. ఆ కోట్లు ల్యాబులోనే ఉతుకుతారు, ఇంటికి తేకూడదట. నేను కుడతానని బతిమాలితే తెచ్చారు. జేబు కుట్టి, ఉతికి, మీరిచ్చిన పిండితో మీరు నేర్పినట్టే గంజి పెట్టి ఇస్త్రీ చేశాను. కోటు తనంతట తానే నిలబడింది! ఆయన నవ్వి, "ఇక నేనెందుకు, దీన్ని పంపిస్తే చాలు" అన్నారు. తరవాత దాన్ని తడిమి చూసి ఏదో అనబోయారు. నా మొహం చూసి, ఊరుకుని, తొడుక్కుని వెళ్ళారు. కొత్త నురుగు ముక్కలన్నీ ఆ కోటుతోనే చేశారట. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది.

మీ మరదలు.


ఇస్త్రీ షాపు,
బస్ స్టాప్ ఎదురుగా.

మరదలు పిల్లకి,

"గౌరవనీయులైన" అని చూసి కరెంటు ఆఫీసువాళ్ళు నోటీసు పంపారేమోననుకుని హడలిపోయాను. ఇంకోసారి నన్ను గారు అన్నావో, ఉత్తరం తిప్పి పంపేస్తాను. వదినా అను. వీలైతే నువ్వు అను.

నీ ఉత్తరం మా షాపు పిల్లలకి చదివి వినిపించాను. లాయర్ల నల్ల కోట్లు వందల కొద్దీ ఇస్త్రీ చేసిన మా షాపు ముసలాయన, "నిలబడ్డ కోటు నేనింతవరకు చూళ్ళేదు, గంజి ఎక్కువైంది" అని తీర్పు చెప్పాడు. వాడి మాట వినకు. కుళ్ళు. కానీ నిజంగానే కాస్త పలచన చెయ్యి. ఆరాక వేలితో గీస్తే పొడి రాలిందంటే ఎక్కువైనట్టే.

తమ్ముడు నురుగు చేస్తున్నాడంటే నవ్వొచ్చింది. చిన్నప్పుడు మా నాన్న షాపులో నానబెట్టిన బట్టల తొట్టి దగ్గర కూర్చుని రోజంతా నురుగు ఊదుకునేవాడు. "పనికి రాని వెధవ" అని తిట్లు తినేవాడు. ఇప్పుడు దానికే జీతం ఇస్తున్నారన్నమాట.

పక్కింటావిడతో మాట్లాడు. నాలుగు గోడల మధ్య ఒక్కదానివే కూర్చుంటే మాటలు తుప్పు పడతాయి.

నీ వదిన.


ల్యాబు క్వార్టర్స్.

వదినా,

గారు తీసేశాను. "నువ్వు" ఇంకా రావడం లేదు.

ఇంట్లో ఏదో జరుగుతోంది, ఏమిటో నాకు తెలియడం లేదు. ఆయన మాట్లాడటం మానేశారు. కోపంగా లేరు. అన్నం పెడితే తింటారు, నీళ్ళిస్తే తాగుతారు, ఏమైందంటే "ఏం లేదు" అంటారు. కూరలో ఉప్పు మరిచిపోయానని నేను తిన్నాకగానీ తెలియలేదు. ఆయన అప్పటికే రెండుసార్లు వడ్డించుకున్నారు. గంజి పెట్టిన కోటు మళ్ళీ ఇంటికి రాలేదు. ఏదని అడిగితే, "అక్కడే ఉంది" అన్నారు.

పక్కింటావిడతో మాట్లాడమన్నారు కదా, మాట్లాడాను. అంటే ఆవిడ మాట్లాడింది, నేను మెట్ల మీద నిలబడ్డాను.

"కిరణం లెక్కకి అందట్లేదంటమ్మా. అలిసిపోవాల్సిన దాని కంటే పది రెట్లు అలిసిపోయి వస్తోందంట. అందరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నారు. మా ఆయనైతే లేజర్ తప్పు కాదని అన్నం ముందు కూర్చుని కూడా అదే పాట. మరి నురుగు ఏమన్నా మందంగా అయిందేమో, మీ ఆయన్నే అడగాలి" అని నా వంక చూసింది. నేను కూరగాయల సంచి సర్దుకుంటూ పైకి వచ్చేశాను.

కిరణం అలిసిపోతే ఆయన ఎందుకు మాట్లాడరు? నాకు ఇంకో భయం కూడా ఉంది. ఆ మధ్య ల్యాబువాళ్ళు కుటుంబాలని టీకి పిలిచారు. పెద్ద మేడమ్, అంటే ఆయన పై అధికారి, లావుపాటి కళ్ళజోడు, నా దగ్గరకి వచ్చి "ఎలా ఉందమ్మా ఇక్కడ?" అన్నారు. నేను కప్పు చూస్తూ ఉండిపోయాను. ఆయనే "బాగుందండి" అని నా బదులు చెప్పారు. చదువుకున్న పిల్లని చేసుకుని ఉంటే ఈ అవస్థ లేదనుకుంటున్నారేమో. అలాంటిదేమైనా మీకు చెప్పారా? చెప్పి ఉంటే నాకు రాయండి. తెలియకపోవడం కంటే అదే నయం.

మీ మరదలు.


ఇస్త్రీ షాపు.

పిచ్చి పిల్లా,

నీ గురించి వాడు ఒక్క మాట కూడా చెడుగా అనలేదు. ఇది ముందు బుర్రకెక్కించుకో.

ఇంకో మాట చెబుతాను. నాకు పదిహేనేళ్ళప్పుడు ఎవరిదో పట్టు చొక్కా మీద ఇస్త్రీ పెట్టె మరిచిపోయి కాల్చేశాను. నాన్న అరుస్తూ వస్తే వీడు ముందుకెళ్ళి "నేనే" అన్నాడు. దెబ్బలు తిన్నాడు. తరవాత కొన్నాళ్ళు ఎవరితోనూ పలకలేదు. నోరు తెరిస్తే నిజం జారిపోతుందని వాడి భయం. తప్పు తనదైతే వీధంతా వినేలా ఏడ్చేవాడు. తప్పు తనవాళ్ళదైతే నోరు కుట్టేసుకునేవాడు. ఇప్పటికీ అంతే.

ఇంతకంటే రాయలేను. షాపులో పని ఎక్కువగా ఉంది.

అన్నట్టు, కొన్నాళ్ళపాటు గంజి జోలికి పోకు. దేనికీ పెట్టకు. ఎందుకని అడగకు.

వదిన.


ల్యాబు క్వార్టర్స్.

వదినా,

మీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. షాపులో పని ఎక్కువైతే మీరు ఇంకా ఎక్కువ రాస్తారు, ఎవరు ఎవర్ని తిట్టారో అన్నీ రాస్తారు. ఈసారి మీరు కూడా ఆయనలాగే అయిపోయారనిపించింది.

నిన్న ఆయన ఆఫీసు నుంచి వచ్చి కూర్చోగానే అడిగేశాను.

"గంజి పెట్టొద్దని వదిన ఎందుకు రాశారు?"

ఆయన చేతిలో టీ గ్లాసు గాల్లో ఆగిపోయింది. "అక్క రాసిందా? ఎంత చెప్పానో తనకి" అన్నారు.

"ఏం చెప్పారు? నాతో చెప్పనిది ఆవిడతో ఏం చెప్పారు?"

నా గొంతు అంత పైకి లేవడం నేనే ఎప్పుడూ వినలేదు. ఆయన గ్లాసు కింద పెట్టి, టేబుల్ వంక చూస్తూ మెల్లిగా చెప్పారు. మిగిలిన నురుగు ముక్కల్ని మైక్రోస్కోపులో చూస్తే ఒకదాని చట్రం మీద చిన్న తెల్ల పొర కనిపించిందట. మిగతావాళ్ళు దుమ్మనుకున్నారు. ఆయన మాత్రం చూడగానే గుర్తుపట్టారు. నురుగు మీద అలాంటిది పడితే కిరణం దాన్ని కూడా దాటుకుని వెళ్ళాలి కాబట్టి ఇంకా అలిసిపోతుంది.

"నా గంజా?" అన్నాను.

"అయి ఉండొచ్చు. ఖాయంగా తెలీదు."

"మరి మేడమ్‌తో ఏమన్నారు?"

"తొడుగులు లేకుండా ముట్టుకున్నానని చెప్పాను. అది నా చేతి మట్టి అనుకుంటున్నారు."

"అబద్ధం కదండీ అది!"

"నీ సంగతి ఆ గదిలో ఎందుకు? ఆ రోజు టీ దగ్గర మేడమ్ ఒక్క మాట అడిగితేనే వణికిపోయావు. గంజి గురించి పదిమంది నవ్వుకుంటే తట్టుకోగలవా?"

వచ్చే శుక్రవారం అందరూ కూర్చుని మాట్లాడుకుంటారట. ఏడాదిపాటు సిద్ధం చేసుకుని ఈ నురుగుతో తీసిన లెక్కలన్నీ పారేసి, ఈయన్ని నురుగు గది నుంచి తీసి సామాన్ల గోదాములో వేస్తారట. ఆయన అది కూడా ఒప్పేసుకున్నారు. "గోదాములో కూడా జీతం అంతే" అన్నారు. కానీ వదినా, నురుగు గురించి చెప్పేటప్పుడు ఆయన వేళ్ళు ఎలా కదులుతాయో మీరు చూడాలి. నిన్న ఆ చేతులు ఒళ్ళో పడి ఉన్నాయి.

నా కోసం చేశారని సంతోషపడాలో, నన్ను అంత పిరికిదాన్ని చేశారని బాధపడాలో తెలియడం లేదు. రెండూ ఒకేసారి వస్తున్నాయి. నేనే వెళ్ళి చెబితే? ఆయన పరువు ఇంకా పోతుందా? వెంటనే రాయండి.

మీ మరదలు.


ఇస్త్రీ షాపు.

వెళ్ళు.

వాడు ఫోన్ చేసి ఒట్టు వేయించుకున్నాడు. వేశాను కాబట్టి చెప్పలేదు, కడుపు ఉబ్బి చచ్చాను. గంజి వద్దని ఒక్క ముక్క జార్చింది మాత్రం కావాలనే.

పిండి నాది, పద్ధతి నాది. అడిగితే నా పేరు కూడా చెప్పు. మాట రాకపోతే పిండి పొట్లం బల్ల మీద పెట్టు. కానీ వెళ్ళు.

వదిన.


ల్యాబు క్వార్టర్స్.

వదినా,

వెళ్ళాను.

ఆయనకి చెప్పలేదు. గేటు దగ్గర కాపలాదారు ఎవరు కావాలన్నాడు. పెద్ద మేడమ్ అన్నాను. ఏం పనన్నాడు. నాకు మాట రాలేదు, పొట్లం చూపించాను. ఏ కోణంలో చూసినా అనుమానంగానే ఉండి ఉంటుంది, అతను విప్పి వాసన చూసి, ఫోన్ చేసి, లోపలికి పంపాడు. పొడుగాటి నడవ. రెండు వైపులా తలుపుల్లోంచి ఏదో గుయ్‌మనే చప్పుడు. మీటింగు గదిలో ఎనిమిదో తొమ్మిదో తలలు నా వైపు తిరిగాయి. చివర కూర్చున్న ఆయన లేచి నిలబడిపోయారు.

"కోటుకి గంజి పెట్టింది నేను" అన్నాను. అంతే వచ్చింది.

ఎవరో కిసుక్కుమన్నారు. పక్కింటావిడ భర్తే అయి ఉంటారు. మేడమ్ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"కూర్చోమ్మా. ఏ కోటుకి?"

చెప్పాను. జేబు చిరగడం దగ్గర నుంచి కోటు నిలబడటం దాకా. ఎలా చెప్పానో నాకు గుర్తులేదు, కప్పు లేకపోవడం వల్ల మేడమ్ మొహమే చూస్తూ చెప్పాను. గంజి దేనితో కాచానో, ఎంత చిక్కగానో అడిగారు. అడిగినదానికల్లా బదులిచ్చాను.

అప్పుడు ఆవిడ ఆయన వైపు తిరిగారు. "కోటు ఇంటికి తీసుకెళ్ళావు, అది ఒకటి. నాతో అబద్ధం చెప్పావు, అది రెండు. నాకు రెండోదానికే ఒళ్ళు మండుతోంది. చేతి మట్టి అన్నావు, మేమందరం చేతి మట్టి పట్టుకుని వేలాడుతున్నాం. నువ్వు చెప్పిన అబద్ధాన్ని కూడా లెక్కలో వేసుకుని కూర్చున్నాం తెలుసా?"

నాకు ఏడుపొచ్చింది. అప్పుడు మేడమ్ నా చేతిలో పొట్లం చూసి, "అదేనా ఆ పిండి? ఇటివ్వు. దీంతో ఒక షాట్ వేద్దాం" అన్నారు.

షాట్ అంటే ఒకసారి లేజర్, కిరణం రెండూ వదలడం. కొత్త కోటు వేసుకుని శుభ్రమైన నురుగు ముక్కలు కొన్ని చేస్తారట. ఇంకొన్నింటి మీద కావాలనే నా గంజి పూస్తారట. రెండింటి గుండా కిరణాన్ని పంపి తేడా చూస్తారట. గంజి తప్పయితే తేలిపోతుంది. కాకపోతే అదీ తేలిపోతుంది. ముక్కలు చేసేది ఆయనే, పక్కన ఇంకొకరు నిలబడి చూస్తారు. అందాకా గోదాము మాట పక్కన పెట్టారు.

ఇంటికి ఇద్దరం కలిసే నడిచి వచ్చాం. గుమ్మం దగ్గర ఆయన తాళం నా చేతికి ఇచ్చి, "నీ గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలీదు" అన్నారు. మెచ్చుకున్నారో, దెప్పారో తెలియదు. గంజే తప్పని తేలితే ఏడాది పని నా మూలంగా బూడిదైనట్టు. అప్పుడు ఈ మెట్లు ఎలా ఎక్కుతానో, దిగుతానో.

మీ మరదలు.


ఇస్త్రీ షాపు.

బంగారు తల్లీ,

మన గంజి పరీక్ష రాస్తోందని షాపుకి వచ్చినవాళ్ళందరికీ చెప్పేశాను. ముసలాయన తప్పుతుందని పందెం కాశాడు. వాడికి ఈ వారం టీ బంద్.

కానీ ఒకటి నాకు అర్థం కాలేదు. నక్షత్రాన్ని వెలిగిస్తామంటున్నవాళ్ళు గంజికి భయపడటమేమిటే? ఏం తేలినా దాచకుండా రాయి. పాడు వార్తైనా సరే, ముందు నాకే రాయి. మీ ఇద్దరూ ఇక్కడికొచ్చి పదిరోజులు ఉండటానికి మేడ మీద గది ఖాళీ చేయించాను. అక్కర్లేకపోతే మళ్ళీ బట్టల మూటలు పడేసుకుంటాను.

వదిన.


ల్యాబు క్వార్టర్స్.

వదినా,

బట్టల మూటలు పడేసుకో. (చూశావా, "నువ్వు" వచ్చేసింది.)

గంజి కాదు.

గంజి పూసిన ముక్క గుండా పంపినప్పుడు, కిరణంలో గంజి తగిలిన చోట మాత్రం చిన్న మచ్చలా పడింది. మిగతా కిరణం తీరు మారలేదు. శుభ్రమైన ముక్కల గుండా పంపినా, కిరణం కిరణమంతా మునుపటిలాగే పది రెట్లు అలిసిపోయి వచ్చింది. కోటు కొత్తది, చేతులకి తొడుగులున్నాయి, పక్కన మనిషి కూడా ఉన్నాడు. అయినా అంతే. పాత లెక్కలేవీ పారేయక్కర్లేదు.

మరి ఎందుకు అలిసిపోతోంది? ఇక్కడే అందరికీ బుర్ర తిరుగుతోంది. మేడమ్ ఇంకో పని చేయించారు. అదే ప్లాస్మాలోకి చాలా పలచటి కిరణం, అంటే కొద్ది అయాన్లే ఉన్నది, పంపి చూశారు. అది పుస్తకంలో లెక్క ప్రకారమే అలిసింది. గుంపుగా వెళ్ళినప్పుడే ఈ గోల.

ఆ సాయంత్రం ఆయన వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా, నేను బట్టలు నానబెట్టిన తొట్టి ముందు చతికిలబడ్డారు. నీళ్ళలో ఒక్క వేలు పెట్టి ఇటు నుంచి అటు లాగారు. నీళ్ళు పెద్దగా కదల్లేదు. తరవాత అరచెయ్యి అడ్డంగా పెట్టి లాగారు. వెనక నీళ్ళు లేచి, అల వచ్చి చేతిని వెనక్కి గుంజినట్టయింది, నురుగు నా చీర మీద పడింది.

"చూశావా? విడివిడిగా వెళితే ఎవరి దారి వాళ్ళది. కలిసి తోసుకుని వెళితే, ముందు వెళ్ళినవి ప్లాస్మాని కదిలించేస్తాయి. ఆ కదలికే తిరిగి అందర్నీ పట్టి లాగుతుంది. మేడమ్ అలా అనుకుంటున్నారు."

"అదే కారణమా?"

"తెలీదు. అయి ఉండొచ్చు."

"ఎప్పుడు తెలుస్తుంది?"

"అదీ తెలీదు" అని నవ్వారు. ఇన్నాళ్ళూ "ఏం లేదు" అన్న మనిషి "తెలీదు" అంటుంటే ఎంత హాయిగా ఉందో నీకు ఎలా చెప్పను! చీకటి పడేదాకా ఇద్దరం తొట్టిలో చేతులు ముంచి లాగుతూ కూర్చున్నాం. నాకు అర్థం కాలేదు. ఆయనకీ కాలేదు. అన్నం పొయ్యి మీద మాడింది.

నురుగు గదిలోనే ఉంటారు. అబద్ధానికి శిక్ష మాత్రం పడింది. ఒక నెలపాటు అందరి కోట్లూ మూట కట్టి ల్యాబు లాండ్రీకి మోసుకెళ్ళాల్సింది ఆయనే. చాకలి పని మీ ఇంటి రక్తంలోనే ఉందని పక్కింటావిడ నవ్వితే, "అవునండీ, మా వదినకి షాపు కూడా ఉంది" అన్నాను. ఆవిడ నోరు తెరిచింది, నేను మాట్లాడానని.

నీ పిండి పొట్లం మాత్రం తిరిగి ఇవ్వలేదు. దాని మీద చీటీ అంటించి అలమరలో పెట్టేశారు. ఇంకో పొట్లం పంపించు. వచ్చే నెల బయట నుంచి వచ్చేవాళ్ళకి ఆయన తన నురుగు గురించి చెప్పాలట. ఆ రోజు కోటు అక్కర్లేదు. "నా నీలం చొక్కాకి గంజి పెట్టు, నాకంటే ముందు అదే నిలబడాలి" అన్నారు.

ఆదివారం ఫోన్ చెయ్యి వదినా. చాలా చెప్పాలి. ముందు ఆ ఆవిరి మిషన్ ఆపు.

నీ మరదలు.